కొత్త ఊళ్ళో మంచి బేకరీ పట్టుకోవడం ఎలా? (హైదరాబాద్ ఎపిసోడ్, పూర్తి పాఠం)

 ఆకలి మీద ఉన్నవాళ్ళు ఈ ఎపిసోడ్ ఇప్పుడే చూడకపోతే మంచిది. తినేసి రండి, నేనెక్కడికీ పోను.

మొన్న మా తమ్ముడు, అంటే మా బాబాయి కొడుకు, సత్తుపల్లి నుంచి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అమ్మని హాస్పిటల్‌లో చూపించడానికి తీసుకొస్తున్నా. మూడు రోజులు ఉండాలంట. నాంపల్లిలో లాడ్జి తీసుకున్నాం. అక్కడ మంచి బేకరీ ఏదైనా ఉందా? అమ్మకి టైమ్‌కి ఏం పెట్టాలి?" అని అడిగాడు. నేనుండేది బాచుపల్లి వైపు. రోజూ పిన్నిని ఆ ట్రాఫిక్‌లో అటూ ఇటూ తిప్పలేం. పైగా మొదటి రెండు రోజులు నాకు షూటింగ్. పిన్నికి షుగర్ ఉంది. టైమ్‌కి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఏది పడితే అది తింటే అదింకో తలనొప్పి.

వాడు అడిగింది పేరు. నాలుగు పేర్లు చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ అలా చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. వీళ్ళ టెస్టులు అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది, నేను చెప్పిన షాపు మూడు కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఆకలికి ఆగలేక గేటు ఎదురుగా ఏది కనిపిస్తే అది తినేస్తారు. కొత్త ఊళ్ళో మనందరం చేసేది ఇదే కదా. అందుకని వాడికి పేర్లు తక్కువ చెప్పి, చూసే పద్ధతి ఎక్కువ చెప్పా. అదే ఇవాళ మీకూ చెప్తున్నా. పేర్లు కూడా వస్తాయిలెండి, కంగారు పడకండి.

అసలు ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో ముందు చెప్పాలి.

2018లో నేను బీటెక్ ఫైనలియర్. హైదరాబాద్‌లో ఒక కంపెనీ రాత పరీక్ష ఉందని, నలుగురం కలిసి బస్సెక్కాం. ఎంజీబీఎస్‌లో దిగేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. బస్టాండ్ దాటి కొంచెం నడిస్తే ఒక బేకరీ. ఏం లైట్లండీ బాబూ! అద్దాల వెనక రంగురంగుల పేస్ట్రీలు, రోల్స్, బర్గర్లు. మా ఊళ్ళో పెళ్ళి మండపానికి కూడా అన్ని లైట్లుండవు. నేనొక చికెన్ రోల్, ఒక క్రీమ్ పేస్ట్రీ తిన్నా. రోల్‌లో మయోనైజ్ ధారాళంగా వేశారు. అప్పుడు దాన్ని రుచి అనుకున్నా.

రాత్రి ఒంటిగంటకి మొదలైంది. అమీర్‌పేటలో మా సీనియర్ ఉండే హాస్టల్లో, పదహారు మందికి ఒకటే బాత్రూమ్. మిగతా కథ మీరే ఊహించుకోండి. తొమ్మిదింటికి పరీక్ష. వెళ్ళా. ఇరవై నిమిషాలు కూర్చున్నా. పేపర్ అక్కడే పెట్టి బయటికి పరిగెత్తా. ఆ తర్వాత ఎనిమిది నెలలకి గానీ నాకు ఉద్యోగం రాలేదు. ఇంట్లో మాత్రం, పేపర్ కష్టంగా వచ్చిందని చెప్పా. అమ్మా, ఈ వీడియో చూస్తుంటే, సారీ. పేపర్ ఈజీగానే వచ్చింది.

ఆ రాత్రి నాకు పట్టుకున్నది ఏంటో నేనేమీ టెస్ట్ చేయించుకోలేదు. కానీ తర్వాత కూర్చుని చదివితే కొన్ని విషయాలు తెలిశాయి. వండిన తిండి 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఉంటే బ్యాక్టీరియా చకచకా పెరుగుతుంది. అంటే ఫ్రిజ్ అంత చల్లగానైనా ఉండాలి, పొగలు కక్కేంత వేడిగానైనా ఉండాలి. మధ్యలో రెండు గంటలు మించి వదిలేయకూడదు. బేకరీ షోకేస్‌లో ఒక పసుపు బల్బు వెలుగుతూ ఉంటుంది చూడండి, దాని కింద గోరువెచ్చగా ఉండే రోల్ సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. ఇంకొకటి. స్టెఫైలోకాకస్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, చేసేవాళ్ళ చేతుల నుంచి, ముక్కు నుంచి తిండిలోకి చేరుతుంది. అది పెరిగేటప్పుడు ఒక విషం తయారు చేస్తుంది. తర్వాత వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ ఆ విషం పోదు. "వేడి చేసి ఇవ్వన్నా" అని మైక్రోవేవ్‌లో పెట్టించుకుని ధైర్యంగా తింటాం కదా, ఆ ధైర్యానికి అర్థం లేదన్నమాట.

మయోనైజ్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిని జనం జబ్బు పడ్డాక ఆ ఆర్డర్ వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ హాస్టల్ బాత్రూమే గుర్తొచ్చింది.

సరే, ఇప్పుడు పద్ధతిలోకి వద్దాం. మా తమ్ముడికి నేను చెప్పిన మొదటి మాట: షాపులోకి వెళ్ళి "ఏది బాగుంటుంది?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి ప్రతి కౌంటర్‌లోనూ "అన్నీ బాగుంటాయి సార్" అనే జవాబు వస్తుంది. "ఇప్పుడు ఏ ట్రే వచ్చింది?" అని అడుగు. అది కూడా నవ్వుతూ అడుగు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు కాదు.

ఎందుకంటే బేకరీ ఒక గడియారం ప్రకారం నడుస్తుంది. నేను తిరిగిన పాత బేకరీల్లో బ్రెడ్డు, బన్నులు తెల్లవారుజామున దిగుతాయి. పఫ్‌లు పదీ పదకొండు మధ్య ఒకసారి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఇంకోసారి. బిస్కెట్లు రోజంతా విడతలు విడతలుగా. షాపుని బట్టి గంట అటూ ఇటూ ఉండొచ్చు, కానీ ప్రతి షాపుకీ ఒక టైమ్ మాత్రం ఉంటుంది. అడిగితే చెప్తారు. "నాలుగున్నరకి రండి, ఎగ్ పఫ్ వేడిగా దొరుకుతుంది" అని చెప్పేవాడు ఉన్నాడంటే, ఆ షాపులో భట్టీ ఉందని అర్థం. బిత్తరపోయి చూశాడంటే, సరుకు ఎక్కడి నుంచో వ్యాన్‌లో వస్తోందని అర్థం. వ్యాన్‌లో రావడం తప్పేం కాదు, బిస్కెట్లకీ కేకులకీ ఫర్వాలేదు. పఫ్‌కి మాత్రం తేడా తెలిసిపోతుంది. పఫ్ అంటే మైదా పొర, కొవ్వు పొర, మళ్ళీ మైదా పొర. భట్టీలో వేడి తగలగానే లోపలి నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. చల్లారేకొద్దీ లోపలి కూర తడి మళ్ళీ పొరల్లోకి దిగుతుంది. నాలుగు గంటల తర్వాత అది పఫ్ కాదు, కూర పెట్టిన అట్ట.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక చిన్న మాట, మిగతావాళ్ళు ఏమనుకోకండి. క్యూ, స్టాక్ అని చదువుకున్నాం కదా. క్యూలో ముందొచ్చినవాడు ముందు పోతాడు. స్టాక్‌లో చివర పెట్టింది ముందు బయటికొస్తుంది, మన వంటింట్లో కంచాల దొంతర లాగా. చాలా షాపుల్లో కొత్త పఫ్‌లు తెచ్చి పాతవాటి పైన పోసేస్తారు. అంటే స్టాక్. పైవన్నీ అమ్ముడవుతుంటాయి, అడుగునున్నవి అలాగే ఉంటాయి. రాత్రి తొమ్మిదికి వచ్చినవాడికి ఆ అడుగువే దొరుకుతాయి. 2018లో ఆ తొమ్మిదింటికి వచ్చినవాణ్ణి నేనే. మంచి షాపులో కుర్రాడు ముందు పాత ట్రే ఖాళీ చేసి, అప్పుడు కొత్తది పెడతాడు. ఐదు నిమిషాలు చాయ్ తాగుతూ కౌంటర్ వైపు చూస్తే చాలు, ఇది తెలిసిపోతుంది.

రెండోది, కొనేవాళ్ళని చూడండి. పక్క వీధి వాళ్ళు చెప్పులేసుకుని వచ్చి, అరకిలో ఖారా బిస్కెట్లు, ఒక బ్రెడ్డు పట్టుకెళ్తున్నారంటే ఆ షాపుని నమ్మొచ్చు. వాళ్ళు రేపు మళ్ళీ వస్తారు. వాళ్ళకి పాడైంది ఇస్తే గొడవే. బస్టాండ్, రైల్వేస్టేషన్ గుమ్మం ముందు షాపులో కొనేవాడు మళ్ళీ రాడు. ఆ సంగతి ఆ షాపు వాడికీ తెలుసు. అందుకని నేను చెప్పే లెక్క ఏంటంటే, స్టేషన్ నుంచి ఐదు నిమిషాలు నడవండి. సామాను బరువుగా ఉన్నా సరే నడవండి. ఇళ్ళు, కిరాణా షాపు, మెడికల్ షాపు కనిపించే వీధిలోకి వచ్చాక అప్పుడు బేకరీ వెతకండి.

మూడోది, పఫ్‌ని తిరగేసి చూడండి. అడుగు కూడా పైభాగంలాగే గోధుమరంగులో ఉంటే బాగా కాలింది. తెల్లగా, నూనె మరకతో ఉంటే పచ్చిగా ఉంది, వద్దు. బిస్కెట్ అయితే ఒకటి నోట్లో వేసుకోండి. వెన్న మన ఒంటి వేడికే కరిగిపోతుంది. నాలుక మీద, అంగిలి మీద మైనం పూసినట్టు జిడ్డు మిగిలితే అది డాల్డా లాంటి గట్టి కొవ్వు. ఇంతకుముందు ఈ గట్టి కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ చాలా ఉండేది. 2022 జనవరి నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2 శాతానికి మించకూడదని పరిమితి పెట్టింది. ఆ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ 14 అంకెలు ఉంటుంది, షాపులో కనిపించేలా పెట్టాలి. నంబర్ ఉంటే అంతా బంగారం అని కాదు. అసలు అదే లేకపోతే మాత్రం నేను క్రీమ్ ఉన్నదేదీ ముట్టుకోను.

ఫోన్‌లో మ్యాప్ చూసుకోవడం గురించి కూడా తొందరగా చెప్పేస్తా. నాలుగున్నర స్టార్లు చూసి పరిగెత్తొద్దు. రివ్యూల్లో సెర్చ్ పెట్టె ఉంటుంది, అందులో మీకు కావాల్సిన ఐటమ్ పేరు కొట్టండి. వరస కొత్తవి ముందు వచ్చేలా మార్చుకోండి. ఆ తర్వాత మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళు రాసింది చదవండి. ఐదు ఇచ్చినవాడు సంతోషంలో ఉంటాడు, ఒకటి ఇచ్చినవాడు కోపంలో ఉంటాడు, మూడు ఇచ్చినవాడు నిదానంగా ఆలోచించి రాస్తాడు. "పఫ్ బాగుంది, కేక్ మాత్రం పాతది" అని మీకు పనికొచ్చే ముక్క అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు హైదరాబాద్. మా తమ్ముడు నాంపల్లిలో దిగడం వాడి అదృష్టం. ఎందుకంటే నాంపల్లి, రెడ్ హిల్స్, మొజంజాహీ మార్కెట్, అక్కడి నుంచి చార్మినార్ దాకా, ఈ గీత మీద ఉన్నన్ని పాత బేకరీలు, ఇరానీ హోటళ్ళు సిటీలో ఇంకెక్కడా లేవని నా అభిప్రాయం. గచ్చిబౌలి, మాదాపూర్ వాళ్ళకి కోపం రావచ్చు. అక్కడా మంచివి ఉన్నాయి, కానీ ఒక చాయ్ ధరకి ఇక్కడ కడుపు నిండుతుంది.

నాంపల్లిలో సుభాన్ బేకరీ ఉంది. ఇక్కడ ఉస్మానియా బిస్కెట్ తినాలి. దీని పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలో రోగులకి ఇవ్వడానికే దీన్ని మొదట చేశారని ఒక కథ చెప్తారు. కథ ఎలా ఉన్నా, రుచిలో ఒక తమాషా ఉంది. మొదటి కొరుకు తియ్యగా ఉంటుంది, నమిలాక ఉప్పు తగులుతుంది. ఆ ఉప్పు వల్లే చాయ్‌లో ముంచితే ఇంకోటి, ఇంకోటి అని చెయ్యి వెళ్తూ ఉంటుంది. మొహర్రం నెలలో వస్తే ఇక్కడే దమ్ కా రోట్ అడగండి. రవ్వ, గోధుమపిండి, నెయ్యి, డ్రైఫ్రూట్స్‌తో చేసే మందపాటి బిస్కెట్ లాంటిది. ఒకటి తింటే రెండు గంటలు ఆకలి గుర్తురాదు. ఆ నెలలో క్యూ మాత్రం రోడ్డు మీదకి వస్తుంది.

అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్ దగ్గరే. రాతి గడియార స్తంభం ఉన్న పాత మార్కెట్ అది, నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద 1930లలో కట్టింది. దాని ఎదురుగా కరాచీ బేకరీ మొదటి షాపు. దేశ విభజనప్పుడు సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో పెట్టారు. వదిలేసి వచ్చిన ఊరి పేరే షాపుకి పెట్టుకున్నారు. ఫ్రూట్ బిస్కెట్ వీళ్ళ పేరు నిలబెట్టింది. అందులో ఎర్రగా, పచ్చగా మెరిసే టూటీ ఫ్రూటీ ముక్కలు ఏ పండో తెలుసా? పచ్చి బొప్పాయి. చక్కెర పాకంలో ఉడికించి రంగు వేస్తారు. నాకు చిన్నప్పుడు ఎవరో చెర్రీ అని చెప్పారు, చాలా ఏళ్ళు నమ్మా. ఈ బిస్కెట్లు ఊరికి తీసుకెళ్ళడానికి బాగుంటాయి. కానీ ఆకలికి కాదు. ఆకలేస్తే డబ్బా బిస్కెట్ కొనకండి, వేడి ట్రే కొనండి.

చార్మినార్ వెళ్ళాలంటే మెట్రోలో ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కండి. చార్మినార్ పక్కనే, మక్కా మసీదు వైపు నిమ్రా కేఫ్ ఉంది. చాయ్ గ్లాసు ఒక చేతిలో, బిస్కెట్ల ప్లేటు ఇంకో చేతిలో, ఎదురుగా మినార్లు. ఫొటోల కోసం వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు గానీ, తెల్లవారుజామున ఆరింటికి వెళ్తే పని చేసుకునేవాళ్ళే ఉంటారు. అటు పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ అని ఒక చిన్న దుకాణం. 1851 నుంచి ఉందని చెప్తారు. నాలుగు మూలల నాన్ చేస్తారు, నేలలో దింపిన తందూర్‌లో. అక్కడ షాపింగ్ మాల్ లాంటి హంగు ఏమీ ఉండదు. కాగితంలో చుట్టి చేతిలో పెడతారు, అరచెయ్యి కాలుతుంది. తాజాదనానికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి చెప్పండి.

ఇరానీ హోటల్ గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. బయటి ఊరి నుంచి వచ్చినవాడికి అదొక పెద్ద దిక్కు. ఇరాన్ నుంచి, ముఖ్యంగా యజ్ద్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు బొంబాయి మీదుగా ఇక్కడికి చేరి ఈ హోటళ్ళు పెట్టాయి. అబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఇక్కడ చాయ్ మన ఇంటి టీ లాగా ఒకే గిన్నెలో మరగదు. డికాక్షన్ మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద గంటల తరబడి ఉంటుంది. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతుంటాయి. కప్పులో ముందు ఒకటి, పైన ఇంకోటి పోస్తారు. రెండూ ఎప్పుడూ సెగ మీదే ఉంటాయి కాబట్టి, ఇందాక చెప్పిన 5 నుంచి 60 డిగ్రీల గొడవ ఇక్కడ లేదు. కొత్త ఊళ్ళో కడుపుకి ఏది పడుతుందో తెలియనప్పుడు మరిగే చాయ్, పొడి బిస్కెట్, ఇంతకంటే భద్రమైన జోడీ నాకు కనిపించలేదు. బిస్కెట్‌లో తడి దాదాపు ఉండదు, తడి లేని చోట బ్యాక్టీరియా పెరగదు. మధ్యాహ్నం నుంచి చిన్న ఉల్లిపాయ సమోసాలు వస్తాయి, వేలెడంత ఉంటాయి. కొన్ని చోట్ల ప్లేటు నిండా పెట్టి, ఎన్ని తిన్నారో లెక్కపెట్టి డబ్బులు తీసుకుంటారు. మాంసం తినేవాళ్ళు లుఖ్మీ అడగండి, చతురస్రంగా ఉండే కీమా సమోసా. అది మాత్రం వేడిగా ఉంటేనే.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇరానీ హోటల్లో కూర్చోవచ్చు. ఒక చాయ్ చెప్పి అరగంట కూర్చుంటే ఎవరూ లేవమనరు. హాస్పిటల్ రిపోర్టు కోసం ఎదురుచూసేవాడికి అది చిన్న విషయం కాదు.

బేకరీ కాకుండా బండ్ల మీద తినడం గురించి. పొద్దున ఇడ్లీ బండి దగ్గర నేను రెండే చూస్తా. మూత తీస్తే ఆవిరి వస్తోందా, చట్నీ ఎప్పటిది. కొబ్బరి చట్నీ ఎండకి తొందరగా పులిసిపోతుంది. పదకొండు దాటితే నేను చట్నీ వదిలేసి కారప్పొడి అడుగుతా. ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి దాని మీద వేడి ఇడ్లీ పెడతారు, అది వద్దని ఆకు గానీ, ఉత్త ప్లేటు గానీ అడగండి. సాయంత్రం మిరపకాయ బజ్జీ, పునుగుల బండి దగ్గర నూనె చూడండి. వాడిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదని మన దేశంలో రూల్ ఉంది. ఆ శాతం కంటితో కొలవలేం గానీ, నూనె నల్లగా ఉండి, నురగ తగ్గకుండా, పొగ వస్తుంటే మనకి మీటర్ ఎందుకు? ఆరింటికి కొత్త నూనె పోసేటప్పుడు వెళ్ళేవాడే తెలివైనవాడు. రాత్రిళ్ళు తిరిగేవాళ్ళకి నాంపల్లి దగ్గరే రామ్ కీ బండీ ఉంది. వెన్న, చీజ్ దట్టించిన దోశలు. తెల్లారకముందే అక్కడ జనం ఉంటారు. నాకు ఆ చీజ్ దోశ అంత గొప్పగా ఏం అనిపించలేదు, కామెంట్లలో తిట్టుకోండి. ఉత్త బటర్ ఇడ్లీ మాత్రం బాగుంటుంది.

ఇక పిన్ని సంగతి. షుగర్ ఉన్నవాళ్ళని బేకరీకి తీసుకెళ్తే మొదట కనిపించేది "షుగర్ ఫ్రీ" అని రాసిన డబ్బా. చక్కెర వేయలేదు, నిజమే. లోపల ఉన్నది మైదా, కొవ్వు. మైదా కడుపులోకి వెళ్ళి గ్లూకోజే అవుతుంది. "షుగర్ ఫ్రీ కదా" అని నాలుగు తింటే రెండు మామూలు బిస్కెట్ల కంటే ఎక్కువ నష్టం. ఇరానీ చాయ్‌లో కూడా చాలా చోట్ల చక్కెర ముందే కలిసి ఉంటుంది, లేకుండా ఇవ్వమంటే కుదరదంటారు. అందుకని తమ్ముడికి ఇలా చెప్పా. ఫాస్టింగ్ బ్లడ్ ఇచ్చి బయటికి రాగానే రెండు ఇడ్లీ గానీ, ఒక పెసరట్టు గానీ. బ్యాగులో ఎప్పుడూ వేయించిన శనగలు, రెండు ఉడికించిన గుడ్లు. గుడ్లు పొట్టుతోనే పెట్టుకో, తినేముందు ఒలుచుకోండి, రెండు గంటల లోపు అయిపోవాలి. తినడం లేటై ఒళ్ళు చెమటలు పడితే డాక్టర్ చెప్పినట్టు గ్లూకోజో, చక్కెరో. ఆ టైమ్‌లో బేకరీ వెతకొద్దు. మందుల విషయంలో డాక్టర్ మాటే ఫైనల్, నేను బీటెక్ మాత్రమే.

మూడో రోజు నేను వెళ్ళా. రిపోర్టులు సాయంత్రం ఐదింటికి ఇస్తామన్నారు. నాలుగింటికి ముగ్గురం రెడ్ హిల్స్ వైపు నడిచాం. తమ్ముడు రెండు రోజుల్లో ఆరితేరాడు, ఏ షాపులో పఫ్‌లు ఎప్పుడు దిగుతాయో చెప్తున్నాడు. హాస్పిటల్ ఎదురుగా ఉన్న లైట్ల షాపుని చూపించి, "అక్కడ పొద్దున చూసిన పేస్ట్రీయే సాయంత్రం కూడా ఉంది అన్నయ్యా, దాని మీది చెర్రీ పక్కకి ఒరిగి ఉంటే గుర్తుపట్టా" అన్నాడు.

ఒక చిన్న బేకరీ ముందు ఆగాం. పిన్ని మొహంలో రిపోర్టు భయం తెలుస్తూనే ఉంది, ఏమీ వద్దంది. తమ్ముడు ఎగ్ పఫ్‌లు చెప్పబోతుంటే పిన్ని ఆపి, కౌంటర్ దగ్గరికి తనే వెళ్ళింది. మా పిన్నికి హిందీ రాదు. అయినా గట్టిగా, "భయ్యా, గరం ట్రే కబ్ వస్తది?" అంది. ఆయన నవ్వి, శుభ్రమైన తెలుగులో, "పది నిమిషాలమ్మా, కూర్చోండి" అని స్టూల్ వేశాడు.

కూర్చున్నాం. పన్నెండు నిమిషాలు పట్టింది, నేను చూశా. పిన్ని పఫ్ విప్పి, పైపొరలు మాకు పెట్టి, లోపలి గుడ్డు, కూర తను తింది. మైదా మీకు, గుడ్డు నాకు అంది. తర్వాత వెళ్ళి రిపోర్టు తీసుకున్నాం. కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు, మందు మార్చారు, మళ్ళీ మూడు నెలలకి రమ్మన్నారు. బస్సెక్కేముందు పావుకిలో ఉస్మానియా బిస్కెట్లు కొనమంది. బాబాయికి అంట. తను దారిలో ఒకటి తింటానని చెప్పింది. రెండు తినిందని తమ్ముడు సూర్యాపేట నుంచి మెసేజ్ పెట్టాడు.

వచ్చే ఎపిసోడ్‌లో విజయవాడ బస్టాండ్ చుట్టుపక్కల తిరుగుదాం. అక్కడ ఏ వీధిలో ఏ టైమ్‌కి ఏది వేడిగా దొరుకుతుందో మీకు తెలిస్తే కింద రాయండి. షాపు పేరుతో పాటు టైమ్ కూడా రాయాలి, టైమ్ లేకపోతే నేను చదవను. ఉంటానండి.